మావయ్య దాచిన కొల్లేటి ఫొటో

మొన్న ఏలూరులో పింఛను కాగితాలకి ఫొటో దిగడానికి వెళ్లాను. "ఫోన్‌కి పంపేస్తానండీ, ప్రింటు కూడా కావాలా?" అన్నాడు స్టూడియో ఆయన. కావాలన్నాను, నవ్వాడు. నాకు మా మావయ్య గుర్తొచ్చి, ఆ స్టూలు మీంచి లేవడానికి ఓపిక లేకపోయింది.

మావయ్యది తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు. ఆయనకి ఫొటోలు పోగుచేసే పిచ్చి. తీయడం కాదు, కెమెరా పట్టుకోవడమే రాదు. మూతపడుతున్న స్టూడియోల నుంచి, పాతసామాన్ల బళ్ల మీద నుంచి కొల్లేటి ఫొటోలు ఏరుకొచ్చి, ఆల్బమ్‌లో పెట్టి పంచెల తానుల వెనకాల దాచేవారు. కొట్లో ఏ చీర ఎక్కడుందో అత్తయ్యని అడగాలి గానీ, ఏ ఫొటో ఎక్కడుందో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. వాటన్నిట్లోనూ ఆయన ప్రాణం ఒక్కటే. దోనెలో నిలబడి, గెడ వేసి పడవ నడుపుతున్న మనిషి, వెనకాల ఒక్కసారిగా లేచిన పక్షుల గుంపు. అది తీసిన స్టూడియో వరదలో మునిగి నెగెటివ్ పోయిందట, మిగిలింది ఈ ప్రింటే. అది చూడాలంటే నేనైనా చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని రావాల్సిందే.

సెల్‌ఫోన్లు వచ్చాక, ఎవరో చుట్టం దాన్ని ఫోన్‌లో తీసుకుని నలుగురికీ పంపాడు. వారం తిరక్కుండా అందరి ఫోన్లలోనూ అదే. ఒకరు రంగులు పులిమారు, ఇంకొకరు కింద తన పేరు వేసుకున్నారు. మావయ్య ఆల్బమ్ తీయబోతే "చూశాంలెండి" అనేవారు. కొన్నాళ్లకి ఆయన తీయడమే మానేశారు. "ఊరందరి దగ్గరా ఉన్నదాన్ని నేను దాచడమేమిట్రా!" అన్నారు నాతో.

అప్పుడే మండవల్లి నుంచి ఒకావిడ అసలు ప్రింటు వెతుక్కుంటూ వచ్చింది. "ఏవండీ, ఆ దోనెలో ఉన్నది మా నాన్నగారేనని మా మేనత్త చెబుతోందండీ. నేను పుట్టకముందే పోయారు. ఇంకో ఫొటో లేదు. ఫోన్‌లో పెద్దది చేస్తే మొహం చెదిరిపోతోందండీ."

మావయ్య ప్రింటు తెచ్చి, ఆవిడ చేతికి భూతద్దం ఇచ్చారు. ఆవిడ చాలాసేపు వంగి చూసింది. "ఈ చెవులు నావేనండీ," అంది, నవ్వుతూనే ఏడుస్తూ.

మావయ్య ప్రింటుని అట్టల మధ్య పెట్టి ఆవిడకి ఇచ్చేశారు. వద్దు, చూశాను, చాలని ఆవిడ బతిమాలింది. "ఇన్నేళ్లూ ఈయనెవరో తెలియకుండానే దాచానమ్మా. తీసుకెళ్లండి," అన్నారు.

ఫోన్‌లో ఉన్నదానికి నేను ప్రింటు వేయించి తెస్తే, ఒక పూట చూసి తిరిగిచ్చేశారు. "బాగుందిరా. నాకే ఇంక దాచే ఓపిక లేదు." ఆ తరవాత ఒక్క ఫొటో కూడా కొనలేదు. ఆల్బమ్‌లో ఆ పేజీ ఖాళీగానే ఉండిపోయింది.

ఆయన పోయాక ఆ ఫొటోలన్నీ నా దగ్గరికి వచ్చాయి. అడిగేవాళ్లు లేరు. ఫలానా ఫొటోలో ఉన్నది ఫలానా వారని ఆయన చెప్పిన పేర్లలో సగం నేనూ మర్చిపోయాను. కాలం ఫొటోల జోలికి మెల్లగా వస్తుంది, వాటిని గుర్తుపట్టేవాళ్లనే ముందు తీసుకుపోతుంది.