కొండెక్కిన బస్సు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం దొరికిన కుర్రవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండేది కాదు. నాకైతే అసలే ఉండేది కాదు. మా దీవిలో లెస్కాలియే ఊరి నుంచి రోజ్‌బెల్ వెళ్లే చెక్క బస్సులో కండక్టరుగా చేరి అప్పటికి తొమ్మిది రోజులు. డ్రైవర్ సీటు కింద పెట్రోలు డబ్బాలు, వెనక కొక్కేనికి ఇసుక బకెట్టు. మా మీసాల డ్రైవర్ నాకు నేర్పిన పాఠం ఒక్కటే: "దిఫే పా కపావ్." బస్సులో నిప్పు కుదరదని. చుట్ట కాల్చే పెద్దమనుషుల చేత కూడా ఆర్పించి, ఆ గొప్ప ఇంటికొచ్చి చెప్పుకునేవాణ్ణి (ఎవరూ అడగకపోయినా).

పదో రోజున మా నాయనమ్మ బస్సెక్కింది. ఒళ్లో లోతైన ఇత్తడి గిన్నె, దానిమీద బోర్లించిన జల్లెడ, లోపల వెలుగుతున్న ప్రమిద. రోజ్‌బెల్‌లో అత్త కట్టుకున్న కొత్త ఇంట్లో ఆ సాయంత్రమే తొలి రామభజన. తాత కూలిపనికి వచ్చి ఈ దీవిలో ఓడ దిగాక చేసిన మొదటి భజన నాటి వెలుగు, వత్తి మీద వత్తిగా మా ఇంట్లో నిలిచింది. అదే కూతురింట్లోనూ వెలగాలని ఆమె పట్టు. అగ్గిపుల్ల గీసి వెలిగిస్తే అది వేరే దీపమట. నాకేమో ఉద్యోగం ఊడుతుందని దడ. పక్కన చేరి, దీపం ఆర్పెయ్యమని గుసగుసలాడాను. ఆమె చెవులు మూసుకుంది.

"ఆ మాట అనకూడదు నాయనా. కొండెక్కితే నానే సెప్తాను. నువ్వెల్లి టికెట్లు కొట్టుకో."

దీవి భాష క్రియోల్‌లో పెరిగిన నా తెలుగు అన్నం, నీళ్లు, దండం దగ్గరే ఆగిపోయింది. దీపం పోవడాన్ని పెద్దవాళ్లు కొండెక్కడం అంటారని నాకేం తెలుసు? బస్సు దారిలోని కొండ ఎత్తు ఎక్కాక తనే ఆర్పేస్తుందనుకున్నాను. బస్సు మూలుగుతూ, ఆవిరి కక్కుతూ ఎట్టకేలకు పైకి చేరింది. నేను ధీమాగా వెనక్కి తిరిగి, "నాయనమ్మా, కొండెక్కింది" అన్నాను.

పాపం, ఆమె ప్రాణం పోయినంత పనైంది. గబుక్కున జల్లెడ తీసింది. దీపం నిక్షేపంగా వెలుగుతోంది. ముందు బెంచీ ఆవిడ అది చూసి "దిఫే" అని కేక పెట్టింది, జనం ఒకరి మీద ఒకరు పడ్డారు, డ్రైవర్ బ్రేకు వేశాడు. పాఠం మరవని శిష్యుణ్ణి కదా, బకెట్టెడు ఇసుకా గిన్నెలో కుమ్మరించాను.

నాయనమ్మ తిట్టలేదు. ఇసుకలో వేళ్లు పెట్టి వత్తిని వెతికి తీసి, "ఇప్పుడెక్కింది నాయనా" అంది. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

డ్రైవర్ ఈ సంగతి యజమానికి చెప్పలేదు. అత్త భజనను వచ్చే శనివారానికి మార్చుకుంది. ఆ రోజు సెలవు పెట్టి, మా ఇంట్లో ఇంకా వెలుగుతున్న ఆ దీపం నుంచి మళ్లీ వెలిగించి, గిన్నె నేనే పట్టుకుని నాయనమ్మతో నడిచాను. ఎత్తు దగ్గర మా బస్సు వెనక నుంచి వచ్చింది. దుమ్ము లేస్తే దీపానికి ప్రమాదమని, డ్రైవర్ మమ్మల్ని దాటకుండా పైదాకా మా వెనకే మెల్లగా నడిపించాడు. పైకి చేరాక నేను నోరు తెరవబోతే, నాయనమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

మొన్న మనవడు బడిలో నేర్చిన తెలుగులో, "తాతా, దీపం ఆరిందా?" అన్నాడు. అలా అనకూడదు, కొండెక్కింది అనాలని చెప్పాను. వాడు కిటికీ దగ్గరికి పరుగెత్తి కొండకేసి చూశాడు. వాణ్ణి వెనక్కి పిలవలేదు. నేనూ లేచి వెళ్లి పక్కన నిలబడ్డాను.