ఐదొందల సీసీ వణుకు

కార్లు వణక్కుండా చూడటం నా ఉద్యోగం. ఈ పరాయి దేశంలో, నోవై అనే ఊళ్లో ఏళ్ల తరబడి అదే పని. అలాంటివాడికి ఇంట్లో ఉన్న ఒక్క బైక్ వణుకు తగ్గించడం చేతకావట్లేదంటే నవ్విపోతారని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెబుదామంటే ఎవరున్నారు? విడాకులయ్యాక ఇంట్లో నేను, గరాజ్‌లో అది.

మట్టిదారుల్లో తోలే పాత టూ స్ట్రోక్ బైక్ అది. ఐదొందల సీసీ, ఒకటే సిలిండర్. కాసేపు తోలితే చాలు, చేతులు తిమ్మిరెక్కి మోచేతుల దాకా మొద్దుబారేవి. ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో పాటకి చప్పట్లు కొడుతుంటే నా అరచేతులు నాకే తెలియలేదు.

పక్కన నిలబడ్డ తమ్ముడు అది కనిపెట్టేశాడు. సొంత తమ్ముడు కాదు, చర్చిలో అందరం అన్నాతమ్ముళ్లమే. కాకినాడ వైపు వాడు, నాకన్నా బాగా చిన్నవాడు. శనివారాలు తన చిన్న బైక్ వేసుకుని నాతో అడవిదారికి వచ్చే మనిషి వాడొక్కడే. నా బండి చప్పుడు వినీ వినగానే, "ట్యాంక్ కింద జివ్వుమంటోంది అన్నా, ఎక్కడో లూజ్‌గా ఉంది" అనేవాడు. వాడి చెవి అలాంటిది.

నేను వింటేగా! కార్ల మనిషిని. కారులో ఇంజన్‌ని రబ్బరు మీద కూర్చోబెడతాం, వణుకంతా ఆ రబ్బరే మింగేస్తుంది. ఇక్కడా అదే తెలివి చూపించి, ఇంజన్ బోల్టుల దగ్గర రబ్బరు ముక్కలు కోసి పెట్టాను. స్టార్ట్ చేస్తే బండి పూనకం వచ్చినట్టు ఊగిపోయింది.

"ఇదేమన్నా కారనుకున్నావా అన్నా?" అంటూ వాడు గరాజ్‌లో కూలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆ ఇంట్లో ఒకరు అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

తర్వాత వాడికి దేశానికి ఆ చివరనున్న బాతెల్‌లో జాబ్ వచ్చింది. "శనివారం కాల్ చేస్తానన్నా, బైక్ సంగతి చెప్పాలి మరి" అన్నాడు. వెళ్లేవాళ్లందరూ అలాగే అంటారు. వీడు నిజంగానే చేశాడు, ప్రతి శనివారం.

"తగ్గిందా అన్నా?"

"లేదురా."

"హ్యాండిల్ చివర్లకి బరువులు పెట్టి చూడు. గ్రిప్పులు మందంగా ఉన్నవి ఆర్డర్ చేయి."

అలా బైక్‌తో మొదలై వాడి వంట, అక్కడి వాన, కొత్త చర్చిలో తననెవరూ పలకరించకపోవడం, అన్నీ వచ్చేవి. వారం మొత్తానికి నేను నోరారా తెలుగు మాట్లాడేది అప్పుడే.

మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం ఏమీ తోచక ఆ రబ్బరు ముక్కలన్నీ పీకి పారేశాను. ట్యాంక్ కింద, ఇంజన్ తలని ఫ్రేముకి కలిపే చిన్న ఇనప పట్టీ దగ్గర సన్నటి సందు కనిపించింది. వాడు మొదటే చెప్పాడు కదా! సందులో పల్చటి వాషర్ వేసి, అరిగిన బోల్టులు మార్చి, ఇంజన్ ఫ్రేముని అంటిపెట్టుకునేలా అన్నీ గట్టిగా బిగించాను. గరాజ్ తలుపు పైకెత్తి కిక్ కొట్టాను. ఆ జివ్వుమనే చప్పుడు లేదు. హ్యాండిల్ పట్టుకుంటే చేతులు హాయిగా ఉన్నాయి.

"సాధించాన్రా!" అని కేక పెట్టాను. వినడానికి ఎవరూ లేరు. వాడికి చెబుదామని ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. బైక్ బాగైపోతే వాడింకెందుకు కాల్ చేస్తాడు? నిజంగా భయమేసింది.

శనివారం వాడే చేశాడు. "తగ్గిందా అన్నా?"

"ఎక్కడ తగ్గిందిరా" అన్నాను.

"ఒకసారి స్టార్ట్ చేసి ఫోన్ దగ్గర పెట్టు, నేను వింటాను."

అడ్డంగా దొరికిపోయాను. ఇక తప్పదని కిక్ కొట్టి, ఫోన్ ట్యాంక్ దగ్గర పట్టుకున్నాను. ఇంజన్ నిక్షేపంలా తిరుగుతోంది. కాసేపటికి ఆపేసి ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"ఇంకా ఉందన్నా" అన్నాడు మెల్లగా. "వచ్చే శనివారం మళ్లీ చూద్దాం."