కువైట్ నుంచి హైదరాబాద్‌కు ఐదు గంటలు

కువైట్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు, నేరుగా వచ్చే విమానానికి సుమారు ఐదు గంటలు అని చూపిస్తుంది. ఆ దూరం దాటడానికి మా బావకి మూడు వారాలు పట్టింది. అక్కడ తాపీపని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. కాగితాలు ఆఫీసులు తిరిగినన్నాళ్ళూ ఏదో మార్చురీలో ఉన్నాడు. ఇలాంటి ప్రయాణం ఎవరూ కోరి పెట్టుకోరు. మా కనిగిరి వైపు నుంచి మాత్రం ఎవరో ఒకరికి తప్పదు కాబట్టి రాస్తున్నాను.

ఉదయం తొమ్మిదికి అక్క సువార్త, నేను అంబులెన్సులో బయలుదేరాం. రానుపోను ఇరవై వేలన్నారు, బేరమాడే ఓపిక లేదు. పొదిలి, దర్శి మీదుగా అద్దంకి చేరి నార్కట్‌పల్లి హైవే ఎక్కితే శంషాబాద్‌కి ఏడెనిమిది గంటలు. దర్శి దాటాక కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి డ్రైవరూ నేనూ తుమ్ముతుంటే అక్క తన వైపు అద్దం దించుకుంది. కళ్ళు ఎందుకు కారుతున్నాయని అప్పుడిక ఎవరూ అడగరు.

"ఆయన ఫ్లైట్ ఇంకా అక్కడ లేవలేదమ్మా, మనమే ముందు పోతాం," అన్నాడు డ్రైవర్.

"ఎక్కించేటప్పుడు పక్కన ఎవరుంటారు బాబూ?"

అతను అద్దంలో నా వైపు చూశాడు.

శవపేటిక కార్గో దగ్గరే ఇస్తారని నాకు ముందే చెప్పారు. అక్క వినలేదు. "ఆడికీ పోదాంలేరా. ముందు మనుషులొచ్చే గేటు కాడికి తీసుకుపో," అంది. సాయంత్రం ఆరున్నరకి విమానం దిగింది. దుప్పటి మూటలు, తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు తోసుకుంటూ జనం బయటికొస్తున్నారు. అక్క ఒకాయనకి అడ్డం వెళ్ళింది.

"మీది కువైట్ ఇమానమేనా అయ్యా?"

"అవునమ్మా, ఎవరి కోసం?"

"మా ఇంటాయన మీతోనే వచ్చాడు."

"సామాన్ల దగ్గరుంటాడులే. ఏ సీటు?"

"సీటు కాదయ్యా. కింద పెట్టారంట."

ఆయన ట్రాలీ వదిలేశాడు. "మాకెవరికీ తెలియదమ్మా," అన్నాడు.

"దారిలో బాగా ఊగిందా?"

"లేదమ్మా. మెల్లగానే వచ్చింది."

అక్క తలూపి, "పదరా," అంది.

కార్గోలో సంతకాలయ్యేసరికి తొమ్మిది దాటింది. పెట్టె మీద బావ పేరు, పక్కన బరువు రాసి ఉన్నాయి. తెల్లవారుజామున ఇల్లు చేరాం. బడిలో దూరం, వేగం, కాలం లెక్కలు చెప్పేవాణ్ణి నేను. ఇప్పుడు ఆ పాఠం తెరవబుద్ధి కావడం లేదు. దేవుడి చిత్తం అన్నారు పాస్టరుగారు. నాకది మింగుడుపడలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. పోయినవాళ్ళ పాస్‌పోర్టు నకలు, మీ ఆధార్ పట్టుకుని నేరుగా కార్గో వైపు వెళ్తే పని త్వరగా అవుతుంది. కానీ వెంట భార్యో తల్లో ఉంటే, ముందు ప్రయాణికుల గేటు దగ్గర కాసేపు నిలబడనివ్వండి. దారి ఎలా సాగిందని అడగడానికి కార్గోలో ఎవరూ ఉండరు.