కసిమీరా పన్ను, గురువారం కుర్చీ

మా ఒరొపెసా ఊళ్లో రొట్టె కాల్చని ఇల్లు లేదు. కాని "రొట్టె" అన్న మాటను నోరెలా పలుకుతుందో యంత్రంతో కొలిపించుకున్న మనిషి మాత్రం ఒక్కతే ఉంది. మా గోడ పక్క కసిమీరా. నేను చదివింది మూడో తరగతే. అయినా పక్కింట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే నాకు ముద్ద దిగదు, అందుకే ఇదంతా నాకు తెలుసు.

కసిమీరా మొగుడు లారీతో సహా లోయలో పడి పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, నెలిడా. పిల్లకు మూడో ఏట మొదటిసారి జుట్టు తీసే వేడుక చేసింది. అప్పట్లో కుస్కో నుంచి ఉబాల్దో అనే డాక్టరు వచ్చి మా కెచువా భాష మాటలు రాసుకుంటుండేవాడు. మందుల డాక్టరు కాదు, శబ్దాల డాక్టరు. ఊళ్లో ఇంకెవరూ లేనట్టు మొదటి పాయకు కత్తెర అతని చేతికిచ్చింది. అక్కడే ఇరుక్కుంది. పాయ కత్తిరించినవాడు పిల్లకు రెండో తండ్రి లెక్క, ఆ తల్లికి కొంపాద్రే అవుతాడు, ఆమె అతనికి కొమాద్రే అవుతుంది. కొంపాద్రే అడిగినది కాదనడం, కొంపాద్రే ముందు బాధలు ఏకరువు పెట్టడం మాలో లేవు. అలా చేస్తే ఆ దోషం పిల్ల తలకు తగులుతుందంటారు.

అతనడిగింది చిన్నదే. గురువారం గురువారం కుస్కో వచ్చి ఓ గంట కుర్చీలో కూర్చుని మాటలు పలకాలి, మూడు నెలలు చాలన్నాడు. ఆ మూడు నెలలు ఆరేళ్లయ్యాయి.

రొట్టెల బుట్ట మోసే వంకతో ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఆ గదికి కిటికీ లేదు. వీధి చప్పుడు రాకుండా గోడలకు దుప్పట్లు కొట్టారు. ఒక గోడకు గళ్లగళ్ల పటం వేలాడుతోంది. అడ్డంగా చూస్తే పెదవులు, పళ్లు, అంగిలి, గొంతు లోతు అంటూ శబ్దం పుట్టే చోట్లు. నిలువుగా చూస్తే ఊపిరి ఆగిందా, ముక్కులోంచి పోయిందా, బుస్సుమంటూ జారిందా అని. ప్రపంచంలో ఏ దేశం మనిషి నోట్లో పుట్టిన హల్లయినా ఈ గళ్లలో ఎక్కడో ఒకచోట కూర్చోవలసిందేనట. కొన్ని గళ్లు నల్లగా పూసేసి ఉంటే అవేమిటని అడిగాను. మనిషి నోటికి సాధ్యం కానివి అన్నాడు. తిరుగు బస్సులో దారంతా వాటిని పలకబోయాను. కండక్టరు నాకు వాంతి వస్తోందేమోనని బస్సు ఆపించాడు.

కసిమీరాది ఆ పటంలో ఓ మూల గడి. మాకు "తాంత" అంటే కుప్ప. ఊపిరి ఊది "థాంత" అంటే చిరిగిన బట్ట. రొట్టె పేరూ "తాంతే", కాని దానికి ఊపిరి ఊదకూడదు. మూట కట్టినట్టు గొంతు మూసేసి, నాలుకను పై పళ్ల వెనక బిగించి, ఒక్కసారి వదలాలి. ఎండుపుల్ల విరిగినట్టు టప్పుమంటుంది. నోటి ముందు కాగితం ముక్క పెట్టుకుని చూశాను. "థాంత"కు ఎగిరి పడింది. రొట్టెకు కాస్త వణికి ఊరుకుంది. అరవై ఏళ్లుగా పలుకుతున్న మాటకు నా గొంతు నాకు తెలియకుండా తలుపు మూసుకుంటోందని ఆ రోజు తెలిసింది.

కొలతకు ముందు ఆమె నాలుకకు బొగ్గుపొడి, నూనె కలిపి పూసేవాడు. మాట పలికాక అంగిలి మీద మసి ఎక్కడంటిందో అద్దం పెట్టి ఫోటో తీసేవాడు. తర్వాత మూతికి తొడుగు. ఊపిరి కొద్దీ ఒక కలం కాగితం మీద పైకీ కిందికీ గీత గీసేది. నోట్లో ఏదీ మారకూడదు, బుధవారం నుంచి కోకా ఆకు నమలకూడదు. అది అతని షరతు.

ఆరో ఏడు ఆమె పై ముందుపన్ను పుచ్చింది. చిగురు వాచి పెదవి పైకి లేచింది. తను కాల్చిన రొట్టె అంచు తనే కొరకలేక నీళ్లలో నానేసుకుని తినేది. కోకా బుగ్గన పెట్టుకుంటే కాస్త మొద్దుబారేది. అదీ బుధ, గురువారాలు లేదు. పీకించుకోవే అంటే వినదు.

"నోరు మారకూడదన్నాడక్కా. కొంపాద్రేకి మాటిచ్చాను."

"నీ నోరు అతనికి రాసిచ్చావుటే?"

"నా పిల్ల తల మీద అతని చెయ్యుంది. నువ్వూరుకో."

మరుసటి గురువారం మళ్లీ వెళ్లాను. రొట్టె మాట వచ్చినప్పుడల్లా లోపల బిగిసిన గాలి ఆ చిగురును ఒత్తుతోంది. తొడుగు పైన ఆమె కళ్లు గట్టిగా మూసుకున్నాయి. అందుకే గాలి బిగించకుండా మెత్తగా వదిలేసింది. కలం గీత సగానికే లేచింది. ఒక్కో మాటా ఇరవైసార్లు. ఉబాల్దో ఆ గీత చూసి, పుస్తకంలో రాసుకుంటూ పైకే చదివాడు. ఒరొపెసా ఆడవాళ్లలో ఈ హల్లు అరిగిపోతోందట.

అరిగిపోవడమా? మా ఊరి రొట్టె మాటా? నేను ఊరుకోలేకపోయాను.

"హల్లుకేం కాలేదయ్యా. పెదవి ఎత్తి చూడండి. మీ కొమాద్రే పన్ను కుళ్లుతోంది. మీ కోసం పీకించుకోవడం లేదు."

కసిమీరా తొడుగు పైనుంచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఉబాల్దో ముఖం పాలిపోయింది. చెడ్డవాడు కాదు. అప్పటికప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లాడు, పన్ను ఊడేదాకా ఆమె శాలువా మడిచి పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె దూది కరుచుకుని శాలువా తీసుకుని కప్పుకుంది.

వారం తిరిగేసరికి ఆమె హాయిగా రొట్టె అంచు నములుతూ మా గోడ దగ్గరికొచ్చింది. నోరు మారిపోయిందిగా, ఇక కుర్చీ వదిలినట్టేనంది. సెలవు చెప్పి రావడానికి రొట్టెలు కట్టుకుంది. ఆరేళ్లలో మొదటిసారి గురువారం పొద్దున బుగ్గన కోకా పెట్టుకుంది. నేనూ బయల్దేరాను.

గదిలో బల్ల మీద కొత్త కాగితపు చుట్ట ఉంది. ఉబాల్దో ముఖం వెలిగిపోతోంది.

"కొమాద్రే, ఇలాంటి అవకాశం ఎవరికీ దొరకదు. అదే నోరు, పన్నుతో ఒకసారి, పన్ను లేకుండా ఒకసారి. నాలుగు వందల మాటలూ మళ్లీ మొదటి నుంచి. మూడు నెలలు చాలు."

కసిమీరా ఆ గళ్ల పటం వైపు చూసింది. ఊడిన పంటి సందులోంచి గాలి సన్నగా ఈల వేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"జుస్తీనా అక్కా, ముందు నీ నోటికి తొడుగు వేయించాల్సింది."

బుగ్గన ఉన్న ఆకు తీసి చేతిగుడ్డలో చుట్టి నా ఒళ్లో పడేసింది. కుర్చీలో కూర్చుంది. బొగ్గు కోసం నాలుక చాపింది.