లైను అందించేవాడి ఫోను

మా ప్రార్థనా మందిరంలో చాలామంది పెద్దవాళ్ళకు చదువు రాదు. అందుకని పాట పాడేటప్పుడు ఒకడు పుస్తకం చూసి ఒక్కో లైను గబగబా చెబుతాడు, సంఘమంతా దాన్ని రాగంలో పాడుతుంది. లైను అందించడం అంటాం దాన్ని. మైపాడు నుంచి నెల్లూరికి ఆటో తోలుకుని బతికినవాణ్ని నేను. వారమంతా నన్నెవడూ లెక్కచేయకపోయినా, ఆదివారం నా నోట మాట రాందే అక్కడ పాట కదిలేది కాదు. ఆ గర్వం నాకుండేది, ఎందుకు దాచాలి?

షుగరు నా కళ్ళు తినేసింది. ఆటో అమ్మేసినప్పుడు కూడా ఏడవలేదు గానీ, పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయి చరణం మధ్యలో ఆగిపోయిన రోజున ఇంటికొచ్చి ఏడ్చాను.

కంటి డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. మిగిలిన చూపు ఎన్నాళ్ళుంటుందో తెలీదు, చదివి వినిపించే ఫోను కొనుక్కుని ఇప్పట్నించే వేళ్ళకు అలవాటు చేసుకోమన్నాడు. పూర్తిగా చూపు పోయాక ఇంకో రకం ఫోను కొత్తగా నేర్చుకోవడం కష్టమట. అంటే ఎంచుకునేది ఒక్కసారే. చెవిలో ఫోను చదువుతుంటే నేను లైను అందించవచ్చు కదా అని ఆశ పుట్టింది నాకు.

ఇక ఇంట్లో రచ్చ మొదలైంది. మా అమ్మాయి నెల్లూరులో నర్సు, దానిది ఐఫోను. నా బావమరిదికి మైపాడులో బోటుంది, వాడిది ఆండ్రాయిడ్.

"చూపు లేనోళ్ళకి మొదట్నించీ పేరున్నది ఇదే నాయనా, నా మాట విను," అంటుంది అది.

"నీ మొహం! తెలుగు చదవాలంటే ఆండ్రాయిడే. ఆ ఇంగ్లీషు దొరల ఫోను మనకెందుకు బావా?" అంటాడు వాడు.

"ఏ కాలంలో ఉండావు మామా? ఇప్పుడు ఇది కూడా తెలుగు చదవతా ఉండాది."

రెండు ఫోన్లూ అరుగు మీద పెట్టి ఒకే పాట చదివించారు. రెండూ ఉప్పులేని కూడులా ఒకే తీరుగా చదివాయి. బియ్యం సంచి మీద అక్షరాలు చూపిస్తే అవీ రెండూ చదివాయి. కళ్ళు మూసుకుని ఏది ఎవరిదో చెప్పమన్నారు. తప్పు చెప్పాను.

"ఇంతోటిదానికా పొద్దుట్నించీ గొంతులు చించుకుంటా ఉండేది?" అని మా ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

చివరికి ఆండ్రాయిడ్ కొన్నాను. గొప్ప కారణమేం లేదు. బావమరిది ఉండేది పక్క వీధిలోనే, ఎక్కడైనా ఇరుక్కుంటే కేకేస్తే వస్తాడు. అమ్మాయి మూతి ముడుచుకుంది.

ఆ ఫోన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూనే నేర్చుకున్నాను. దాని ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని అందించిన మొదటి ఆదివారమే పరువు పోయింది. ఫోను పాటతో పాటు పైనున్న "రెండవ చరణం" కూడా చదివింది. చెవిన పడింది పడినట్టే అందించేశాను. సంఘం కూడా నేను చెప్పింది చెప్పినట్టే, "రెండవ చరణం" అని రాగం తీసి పాడింది. వెనక కుర్రాళ్ళు ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా వదల్లేదు. వాళ్ళు ఒక లైను పాడుతుండగా తర్వాతది వినడం పట్టుబడింది. కొన్ని వారాలు హాయిగా గడిచాయి.

తర్వాత నేను అందించేలోపే వెనక నుంచి పాట వచ్చేయసాగింది. నేను లైను చెప్పేసరికి వాళ్ళు దాని చివర్లో ఉంటున్నారు. ఏమైందో అర్థంకాక కంగారు పడుతుంటే, ఒక సాయంత్రం పాస్టరుగారు ఇంటికొచ్చారు.

"పాటలన్నీ ఒక లింకులో పెట్టినామన్నా. గ్రూపులో పంపిస్తే అందరూ ఫోన్లలో చూసి పాడతా ఉండారు. ఆండ్రాయిడైనా ఐఫోనైనా ఒకే మాదిరిగా తెరుచుకుంటాది. ఇంక నువ్వు ఇబ్బంది పడే పన్లేదు," అన్నారు.

"నాకు ఇబ్బందని ఎవరు చెప్పినారు అయ్యగారూ? చదువు రానోళ్ళ సంగతేంది?"

"పెద్దోళ్ళకి పాటలన్నీ నోటికొచ్చు కదన్నా."

చాలావరకు నిజమే. కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు మిగల్లేదు నాకు. ఆయన టీ తాగి, ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తర్వాతి ఆదివారం బావమరిది నన్ను తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెట్టాడు. పాస్టరుగారు కొత్త పాట చెప్పారు. అది నాకు రాదు. ఫోను చెవిలో లైను చెబుతుంటే, దాని వెనకే నేనూ అందరితో కలిసి పాడాను. ఇన్నేళ్ళలో ఒకళ్ళు చెబితే నేను పాడడం అదే మొదలు. బావమరిది భుజం తట్టాడు, బాగుంది కదా అన్నట్టు.

ముందు కూర్చున్న, చదువు రాని ఒక ముసలామె వెనక్కి తిరిగి నా మోకాలు తట్టింది.

"ఏంది నాయనా, మాకు చెప్పకుండా నువ్వొక్కడివే పాడుకుంటా ఉండావు?"

ఇయర్‌ఫోను తీసేసి ఆమె చెవి దగ్గర లైను చెప్పబోయాను. పాట అప్పటికే ముందుకెళ్ళిపోయింది. ఆమె అటు తిరిగి కూర్చుంది. ఆమె పాడలేదు. నేనూ ఆపేశాను.