మూసిన పిడికిలి, మూడు వారాల జ్వరం

కరోనా అణిగిన మరుసటి ఏడు, టమాటా సీజన్. మదనపల్లెలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో మగవాళ్ల వార్డు స్టాఫ్ నర్సుగా ఉన్నాను. పుంగనూరు నుంచి రెడ్డెప్ప అనే లారీ డ్రైవర్‌ని తెచ్చి చేర్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి, మూడు వారాలుగా జ్వరం దిగడం లేదు. పక్కనే లారీ ఓనర్ నారాయణప్ప. సొంత తమ్ముడిలా చూసుకునేవాడు, మంచం దిగనిచ్చేవాడు కాదు.

డెంగీ లేదు, మలేరియా లేదు, టైఫాయిడ్ లేదు. బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష, అందులోనూ ఏమీ రాలేదు. డాక్టరుగారు కేస్‌షీట్ మీద ‘ఎఫ్.యు.ఓ.’ అని రాశారు. కారణం దొరకని జ్వరమని అర్థం. మెడలో బిళ్లలు కట్టాయి, ఒంటి మీద ఎర్రటి దద్దు, కళ్లు పచ్చబడుతున్నాయి. టీబీ కావచ్చు, రేపటి నుంచి ఆ మాత్రలు మొదలుపెడదామన్నారు. లివర్ దెబ్బతింటున్న మనిషికి ఆ మాత్రలంటే ఆయనకూ గుండె దడే. వేయకపోతే మనిషి దక్కేట్టు లేడు.

“మాత్రలేమన్నా మింగుతాండావా అప్పా?” అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నారాయణప్పే జవాబు చెప్పాడు.

“యాడిది సిస్టరమ్మా! తలనొప్పికి గూడా మాత్ర మింగడు మావోడు.”

నేను ‘నిల్’ అని రాసేశాను.

మర్నాడు పొద్దున జ్వరం నూట నాలుగు. నారాయణప్ప కాఫీకి పోయాడు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే రెడ్డెప్ప ఎడమ పిడికిలి విప్పడే!

“ఏందప్పా దాస్తాండావు?”

“ఏమీ లేదు.”

“లేకుంటే సూపించు!”

అరచేతిలో తెల్లటి మాత్ర.

“ఫిట్స్‌కి సిస్టరమ్మా. కుప్పంలో రాసిచ్చినారు, నెల దాటింది. ఈడ, పుంగనూర్లో నన్ను ఎరగనోళ్లు లేరు గదా. మా ఓనరుకి, ఆయప్పకి సెప్పొద్దు, నీ కాళ్లు మొక్కుతా. స్టీరింగ్ పోతే నేనేం జేసేది?”

ఒళ్లు మండిపోయింది నాకు. అతని మీద కాదు, నా మీదే. ఓనర్ ఎదురుగా అడిగితే డ్రైవరేం చెబుతాడు?

ట్రాలీలో టీబీ మాత్రలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆ మాత్ర తీసుకుని డాక్టరుగారి గదికి పరుగెత్తి సంగతి చెప్పాను. ఆయన మాత్ర చూసి “డ్రగ్ ఫీవర్!” అన్నారు. మందు ఒంటికి పడక వచ్చే జ్వరం అది. టీబీ మాత్రలు ఆపించి, ఈ ఫిట్స్ మాత్రా మాన్పించి, వేరే రకం ఇచ్చారు. పాతది మాన్పించి కొత్తది పనిచేసేలోపు ఏ క్షణమైనా ఫిట్స్ రావచ్చు. మంచానికి రెయిలింగ్ ఎత్తి, వంతులేసుకుని కాపలా కాశాం. నాలుగో రోజుకు జ్వరం దిగింది.

“ఆయప్పకి నేను సెప్పను, నువ్వే సెప్పల్ల. లోడు బండి తోలుతా ఉండంగా ఫిట్స్ వస్తే నువ్వొకడివే పోతావా?” అన్నాను.

అతనే చెప్పాడు. నారాయణప్ప స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు.

“ఇన్ని దినాలు నీ మంచం కిందే పండుకున్నానే, ఒక్క మాట సెప్పలేకపోతివా? బండి ఇంక నీకియ్యను. టమాటా మండీలో కాయ సూసుకుందువు, రా” అన్నాడు.

రెడ్డెప్ప దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

అంత ప్రాణంగా చూసుకునే మనిషి పక్కనుంటే నిజం దానంతటదే బయటికొస్తుందనుకున్నాను. ఆ మనిషి ఉండబట్టే రాలేదు. ఇప్పుడు పక్కనున్నది ఎవరైనా సరే, ముందు కాఫీకి పంపుతాను. పోనని మొండికేస్తే కసిరి పంపుతాను. ఆ తరవాతే కేస్‌షీట్ తెరుస్తాను.