బొట్టు తుడిసిన ఫోటో

రెండువేల ఇరవై మూడు, వానాకాలం. రాయగడ బజారులో మాది సిన్న ఫోటో స్టూడియో. మా ఆయన పోయిన కాడి నుంచి నేనే నడుపుతున్నాను. నాకు సదువు లేదు. పేరు రాస్తాను, బోర్డులు కూడబలుక్కుని సదువుతాను, అంతే. కంప్యూటర్లో ఫోటోలు సరిసెయ్యడం ఆయన పక్కన కూర్చుని బొమ్మల గుర్తు మీద నేర్సుకున్నాను. బ్యాండేజీ బొమ్మ ఉన్నది హీలింగ్ బ్రష్. మచ్చ మీద రుద్దితే పక్కనున్న తోలు తెచ్చి కప్పేస్తాది. రబ్బరు ముద్ర బొమ్మ ఉన్నది క్లోన్ స్టాంప్. ఒక సోట ఉన్నదాన్ని ఎత్తి ఇంకో సోట అద్దుతాది. ఇదంతా నేను సెప్తంటే మా మేనకోడలు రాస్తంది. తప్పులుంటే దానివి.

ఈ పనిలో నాకు ఇసుగు తెప్పించేది కంప్యూటర్ కాదు, మనుషులు. సీకట్లో తీసిన ఫోటో తెచ్చి ఎలుతురు పెంచమంటారు. పెంచితే ముఖం నిండా ఇసక జల్లినట్టు సుక్కలొస్తాయి. దానికీ నన్నే అంటారు. కదిలిపోయిన ఫోటో తెచ్చి నిలబెట్టమంటారు. సెవి సగం ఫోటోలో పడకపోతే, మిగతా సెవి ఏదని నన్ను అడుగుతారు. మీ ఇంట్లో మరిసిపోయి వచ్చేరేమో సూసుకోండి అంటాను.

అప్పన్న అలాటోడే. మున్సిపాలిటీలో కుళాయిల పని సేస్తాడు. ఆ రోజు షట్టరు ఎత్తేసరికే మెట్టు మీద తడిసి కూర్చున్నాడు. అమ్మ పోయిందట, మర్నాడు దినం. పీట మీద పెట్టి దండెయ్యడానికి ఫోటో కావాలన్నాడు. ఫోన్లో సూపించేడు. సునాబెడ క్వార్టర్సులో ఎవరిదో పెళ్లిలో తీసింది, ఫోన్ల మీద ఫోన్లు తిరిగి అరిగిపోయింది. ఆయమ్మ రెండు కళ్లూ ఎర్రగా మండుతున్నాయి, ముందు ఎవడిదో భుజం అడ్డం.

ఇంకోటి లేదా అంటే లేదన్నాడు. తండ్రి బతికున్నప్పటి ఫోటో అది. ఆయన పోయిన తరవాత ఆయమ్మ ఎవరి ఫోన్‌కీ ఎదురు నిలబడలేదట.

సరే, కూర్చున్నాను. ఎర్రకన్నుని రెడ్ ఐ అంటారు. ఫ్లాష్ ఎలుతురు కంట్లోకి పోయి లోపలి రగతం రంగు బయటికి కొడతాది. ఒక్క నొక్కుకి నల్లబడిపోద్ది. భుజాన్ని క్రాప్ సేసేను, అంటే అంచు కోసేసేను. అప్పుడు మెల్లిగా అసలు మాట బయటపెట్టేడు. ఆళ్ల పెద్నాన సెప్పేడట, మొగుడు ముందు పోయిన మనిషి కాబట్టి పీట మీద కుంకంతో పెట్టకూడదు, బొట్టు తీయించమని. ఆ మాట సెప్తూ నా నుదురు సూసేడు, సూసి కిందకి సూసేడు. నా నుదురూ బోడే కదా.

ఆళ్ల ఇంటి పెద్దాయన మాట, మధ్యన నాదేటి? బ్యాండేజీ బొమ్మ నొక్కి ఆ పెద్ద కుంకం బొట్టు తుడిసేను. నుదురు నున్నగా వచ్చింది. పని బాగా కుదిరిందనే అనుకున్నాను.

అప్పన్న సూసి, "ఇది అమ్మ కాదప్పా" అన్నాడు. మా ఏపు అప్ప అంటే అక్క.

అక్కడ మొదలైంది. తెల్లగా అయిపోయింది అన్నాడు, రంగు తగ్గించేను. ముక్కు మారిపోయింది అన్నాడు. నేను ముక్కు జోలికే ఎల్లలేదురా నాయనా. ముడతలు పోయేయి అన్నాడు. పోలేదు, దగ్గరికి లాగి పెద్దది సేసి సూపించేను. బయటికి పోయి టీ తాగి వచ్చేడు, మళ్లీ అదే మాట. ఈలోగా పాస్‌పోర్టు సైజుకని వచ్చినాళ్లు సూసి సూసి ఎల్లిపోయేరు. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిసేను కూడా.

"మనింటి మనిషిలాగే ఉంది గానీ అమ్మ కాదు. రేపు దీనికి దణ్ణం ఎట్టమంటే నా సేతులు లెగవు" అన్నాడు.

నోరు మూసుకున్నాను. మీ అమ్మ ముఖంలో ఏటి తగ్గిందో నువ్వే సెప్పరా అన్నాను. తెలీదంటాడు. "కొడుకులు కంచంలో ఏటేసిందో సూస్తారు గానీ, ఏసిన మనిషి ముఖం సూడరు" అన్నాను. ఆడు కోపం తెచ్చుకోలేదు. గునుపూర్ బస్సు దిగుతున్న సెల్లెలికి ఫోన్ సేసి ఇటే రమ్మన్నాడు.

సత్తెమ్మ వచ్చింది. గొడుగు మూసే లోపలే కంప్యూటర్ సూసి, "అన్నా, పచ్చబొట్టేది?" అంది.

అదీ సంగతి. ఆయమ్మకి సిన్నప్పుడు నుదుట పచ్చబొట్టు పొడిపించేరు. దాని మీదే ఏళ్లకేళ్లు కుంకం పెట్టుకుంది. మొగుడు పోయినప్పుడు కుంకం తుడిసేరు, పచ్చబొట్టు ఎలా పోద్ది? ఆఖరి వరకూ ఆ ముఖాన మిగిలింది అదొక్కటే. రోజూ సూసిన కొడుక్కి అది లేకపోతే అమ్మలా లేదని తెలుస్తంది గానీ, లేనిది ఏటో తెలీలేదు. కుంకం కింద ఏటుందో బ్యాండేజీ బొమ్మకి మాత్రం ఏటి తెలుసు? పక్కనున్న తోలు తెచ్చి కప్పేసింది.

ఈ ముక్క పొద్దున్నే తెలిస్తే నా పూట మిగిలేది. పచ్చరంగు తీసుకుని ఒక సుక్క పెట్టేను. సిరా బొట్టు ఒలికినట్టుంది అంది సత్తెమ్మ. నిజమే. పొడిసిన పచ్చకి అంచు ఉండదు, తోల్లో కరిగిపోయి ఉంటాది.

అప్పుడు ఆ పిల్ల, "నాకూ ఉందప్పా. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని పొడిపించింది" అంది. నుదుటి స్టిక్కరు మీద గోరు పెట్టింది. నేను సెయ్యి పట్టుకున్నాను.

"వద్దమ్మీ. మొగుడున్నదానివి, నుదురు బోడి సేసుకోకు. అందులోనూ నాలాటిదాని ఎదురుగా."

నా బల్ల మీద దేముడి పటం కాడున్న కుంకం సిటికెడు తీసి పాపిట్లో పెట్టుకుంది. అప్పుడు స్టిక్కరు తీసి కంప్యూటర్ అంచుకి అంటించింది. "ఎక్కడుంటే ఏటి, ఉంది కదా. ఇప్పుడు తియ్యి."

గుమ్మం కాడ నిలబెట్టి వాన ఎలుతుర్లో తీసేను, ఫ్లాష్ ఎయ్యలేదు. ఏస్తే ఆ పచ్చ ఎలిసిపోద్ది. రబ్బరు ముద్ర బొమ్మతో కూతురి నుదుటి మీది పచ్చని ఎత్తి తల్లి నుదుట అద్దేను. తల్లిది ఇంకా పాతది కదా, ఒపాసిటీ తగ్గించేను, అంటే కొంచెం పలసన సేసేను.

అప్పన్న సూసేడు. ఫోటోలకి జనం కూర్చునే స్టూలు మీద కూలబడి, రెండు సేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ సేతుల ఎనక నుంచే "అదే" అన్నాడు. ముఖం తుడుసుకుని సీర రంగేదో సెప్పబోయేడు. సెల్లెలు ఒక్క సూపు సూసింది, మానేసేడు. ఆ పిల్ల స్టిక్కరు తీసుకుని నా అద్దంలో సూసి పెట్టుకుని, అన్నతో ఎల్లిపోయింది.

అప్పటి నుంచి ముఖం మీద ఏది తుడవమన్నా, దాని కింద ఏటుండేదని ముందు అడుగుతాను. ఇంట్లో ఆడమనిషిని పంపమంటాను. ఒక్క మచ్చకి ఇంత గొడవా అని ఇసుక్కుంటారు. ఇసుక్కోనీ.

నాకు పచ్చబొట్టు లేదు. ఎడం కనుబొమ్మ మీద మాత్రం పోపు సిట్లి కాలిన మచ్చ ఉంది. నా ఫోటో గోడకెక్కే రోజున దాన్ని ఎవరూ రుద్దకూడదు, రాసుకో అమ్మీ అని మా మేనకోడలితో అన్నాను. రాసుకుంది.